ఏడో ప్రశ్నకు గడి చాలలేదు

కాయితం ఇంగ్లీషుల పుట్టి
నాగపూర్‌ల మరాఠీ అయ్యి
సిరొంచ బస్సు దిగి నా చేతికొచ్చింది.
ఇగ దీన్ని తెలుగు చెయ్యవల్సింది నేనే,
అంగన్‌వాడీ సేవికను,
చదివింది మరాఠీల,
కలలు మాత్రం తెలుగులనే పడ్తయి.

కేతకి తాయి పెన్ను మూత తీసింది.
లచ్చుబాయి చాటల మిరపకాయలకు తొడిమెలు తీస్తాంది.
నాలుగేండ్ల ఓదెలు
గడప నుంచి పొయ్యి దాక
చింతగింజలు వరుస పెడ్తాండు.
ఒక్కటి వంకర పోనియ్యడు.

మొదటి ప్రశ్న: పిల్లగాడు కండ్లల్లకు చూస్తడా?
"పెద్దోళ్ల కండ్లల్లకు చూస్తె పొగరంటరు గదమ్మా.
మా అత్త కండ్లు ఏ రంగో
నాకు ఇప్పటికీ ఎర్కలేదు."
తాయికి మరాఠీల చెప్పిన. పెన్ను ఆగింది.

మూడోది: మొగులు మీద విమానం పోతె నీకు చూపిస్తడా?
మా మీదికెల్లి విమానాలు పోవు.
పడవ అన్న. వంతెన కట్టినంక పడవలూ కరువే.
లారీ అన్న.
"లారీకి చెవులు మూసుకుంటడు.
మాకు వినబడక ముందే మూసుకుంటడు.
వాడు మూసుకున్నంక
ఇగ వస్తాందని మేం కోళ్లను పక్కకు కొడ్తం."
ఇది ఏ గడిల రాయాలె?

మధ్యల ఆమెనే చెప్పింది,
ఎవరూ అడగకున్నా.
ఇంట్ల తెలుగు, బళ్లె మరాఠీ, అంగట్ల గోండి,
మూడు మాటల మధ్య తికమకైండు,
ఒకటి మానుమన్నడట దవాఖానల ఒకాయన.
ఏది మానాలె?
నెల రోజులు ఆమె నోరే మూసుకున్నది.
జోల గూడ పాడలే.
"మాట రాలే. నిద్ర గూడ పోయింది."

ఏడోది. కావల్సినదాన్ని వేలు పెట్టి చూపిస్తడా?
తొడిమెలు తీసే చెయ్యి ఆగింది.
"వేలు పెట్టడు.
నా మణికట్టు పట్టుకొని తీస్కపోతడు.
కుండ మీద పెడ్తె దూప.
గొళ్లెం మీద పెడ్తె బయటికి.
నిన్న తీస్కపోయి
వాని నెత్తి మీద పెట్టుకున్నడు.
అదేందో నాకు తెల్వలే,
తియ్యబుద్ధి గాలే.
నా చెయ్యే వాని వేలనుకో అమ్మా,
అవునని రాస్కో."

అవును, కాదు.
రెండే గడులు.

నా పాత రిజిస్టర్ల ఒక పేరున్నది, పోశాలు.
పక్కకు "వెర్రి" అని రాసి ఉన్నది.
అక్షరాలు నావే.
తల్లిదండ్రి మిరప ఏరను వంతెన అవతలికి పోతే
మంచం కోడుకు చీరపేలికతో కట్టి ఉండెటోడు.
నేను పోయి గుడ్డు తినిపించి
ముడి వదులైతే మళ్ల బిగించి వచ్చేదాన్ని.
మంచిపని చేసిన్ననే అనుకున్న.
వాని దగ్గరికి ఏ ప్రశ్నా రాలే.

"దీన్ని ఏమంటరమ్మా?"
ఆటిజం, అన్నది తాయి.
లచ్చుబాయి నా దిక్కు తిరిగింది,
"ఆట అన్నదా?"
నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వక
అందుల ఆట గూడ ఉన్నది అన్న.
గోలీలు లేవట, సూది లేదట.
నేర్పే తీరు ఉన్నదట.
వానికి నేర్పే ముందు
మనం నేర్చుకునేది చానా ఉన్నదట.

తాయి రెండు గడులూ ఖాళీగ వదిలి
కాయితం అంచుల సన్నగ రాసింది.
"మణికట్టును మీరేమంటరు?"
అడిగి, ఆ తెలుగు మాటను
మరాఠీ అక్షరాలల్ల రాస్కున్నది.
అంచు నిండితే వెనక్కి తిప్పింది.
అంత దూరంల దీన్ని చదివేటోళ్లు
అంచులు చూస్తరో, గడులే లెక్కపెడ్తరో.

ఎప్పుడొచ్చిండో ఓదెలు,
నా మణికట్టు పట్టుకున్నడు.
ఎవరి మొహమూ చూడలే.
వంచి, వంచి,
నా చెయ్యి నా కాలి మీదనే పెట్టిండు.

కాలి కింద గింజ ఉన్నదట.
జరిగిన.